తవుడు పోని అన్నము



ఈ దినము నేను మాటలాడదలచినది అన్నము వండుటను గూర్చి. అన్నము వండుట తెలియని గృహిణి మన ప్రాంతములో ఎవరున్నారు, దానికి రేడియోలో ఒక ప్రసంగము కూడ కావలెనా అని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నేనును ఒకప్పుడు అట్లే నవ్వుకొనెడిదానను. నలుబది సంవత్సరములు పొయ్యి ముందు నిలిచిన పిమ్మట ఒకనాడు నా చేతి అన్నమే నన్ను ఇంటిల్లిపాది యెదుట నవ్వులపాలు చేసినది. ఆ సంగతితోనే ఆరంభించెదను.

మాది తాడిపత్రి. కొన్ని సంవత్సరముల క్రిందట మా వారికి రక్తములో చక్కెర హెచ్చుగా ఉన్నదని వైద్యులు చెప్పిరి. మందులు వ్రాసి ఇచ్చి, తెల్లని అన్నము తగ్గించి ముడిబియ్యము వాడి చూడుడని సలహా కూడ ఇచ్చిరి. ఆ సాయంకాలమే బజారునకు పోయి రెండు కిలోల ముడిబియ్యము తెచ్చితిని. మరునాడు ఎప్పటివలెనే కడిగి, ఎప్పటివలెనే ఎసరు పెట్టి, ఎప్పటివలెనే పొయ్యిమీద ఉంచితిని. దించి చూడగా నీరంతయు ఇంకిపోయినది గాని గింజ పలుకుగానే ఉన్నది. మరల నీరు పోసితిని. ఈ మారు పై అన్నము చితికినది, అడుగు మాడినది, నడుమ మాత్రము పలుకు పోలేదు. మా వారు రెండు ముద్దలు తిని, ఏమియు అనక, మజ్జిగ త్రాగి లేచిరి. మనుమడు “అవ్వా, ఇది అన్నమా, మందా?” అని అడిగెను. కరవు ఎరిగిన మా ఊళ్లలో అన్నము పారవేయుట పాపముగా భావింతురు. ఆనాడు సగము కుండ గేదె తొట్టిలోనికి పోయినది.

మా అత్తగారు ఎనుబది దాటిన వారు. కుండలో నుండి ఒక మెతుకు తీసి నలిపి చూచి, “ఏమ్మా, వండినావా, బియ్యంతో కొట్లాడినావా? నానబెట్టకుండ ముడిబియ్యం ఎట్ల ఉడుకుతాయి?” అనిరి. అంతటితో ఆగక మరియొక మాట కూడ అనిరి. “మా చిన్నప్పుడు పండగొస్తే తప్ప వరిబువ్వ మొగం చూసినోళ్లం కాదు. ఇప్పుడు తెల్లబువ్వ తింటాండాం. మళ్ల ముతకబువ్వకు దించుతావా మమ్మల్ని?”

మొదటి మాటలో వంట రహస్యమున్నది. రెండవ మాటలో మన ప్రాంతపు చరిత్ర ఉన్నది. ముడిబియ్యము మంచిదని చెప్పువారు చాలమంది కలరు. కాని ఆ రెండవ మాటకు సమాధానము చెప్పక, మొదటి మాట నేర్పక, ఉత్త సలహా ఇచ్చినచో ఆ సలహా గేదె తొట్టికే చేరును. అందుచేత ఈ రెండింటిని గూర్చియు కొంచెము వివరించెదను.

ముందుగా పేర్లు తెలిసికొందము. వడ్లగింజకు పైన ఉన్న గట్టి పెంకు ఊక. అది మనుష్యుల ఆహారము కాదు. ఊక పోయిన తరువాత గింజను అంటి పెట్టుకొని లేత గోధుమవన్నె గల పలుచని పొర ఉండును. అదియే తవుడు. గింజ కొన యందు చిన్న చుక్కవలె మొలక ఉండును. ఊక మాత్రము తీసి తవుడును మొలకను ఉంచిన బియ్యమునకు ముడిబియ్యమని పేరు. వడ్లను రోటిలో పోసి రోకలితో దంచినప్పుడు ఊకతో పాటు తవుడు కూడ కొంత రాలును, కొంత గింజనే పట్టుకొని ఉండును. అవి దంపుడు బియ్యము. మరలో బాగుగా మెరుగు పెట్టినచో తవుడు, మొలక రెండును పోయి తెల్లని బియ్యము మిగులును. లెక్క చెప్పవలెనన్న, నూరు కిలోల వడ్లలో సుమారు ఇరువది కిలోలు ఊకగా పోవును. తవుడు, మొలక కలిసి ఎనిమిది నుండి పది కిలోలు ఉండును. ఈ ఎనిమిది పది కిలోలను గూర్చియే మన తగవంతయు.

ఉప్పుడు బియ్యము వేరు. వడ్లనే నానబెట్టి, ఆవిరిమీద ఉడికించి, ఆరబెట్టి, పిదప దంచినవి ఉప్పుడు బియ్యము. ఎర్రబియ్యము కూడ వేరు. అది పుట్టుకతోనే ఎర్రని పొర గల జాతి. ఆ పొరను కూడ మరలో సగము గీకివేసి అమ్ముట కలదు. కనుక రంగు చూచి మోసపోరాదు. బియ్యము కొనునప్పుడు నాలుగు గింజలు అరచేతిలో పోసికొని కొనల వంక చూడుడు. ప్రతి గింజ కొనయందును మొలక చుక్క నిలిచియున్నచో అవి నిజమైన ముడిబియ్యము. కొన గుంటపడి యున్నచో మొలక రాలినదని తెలిసికొనవలెను.

ఆ పలుచని పొరలో ఏమున్నదని అడుగుదురు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశపు ఆహార పదార్థములలోని పోషక విలువల పట్టికలను ప్రకటించినది. వాటినిబట్టి నూరు గ్రాముల ముడిబియ్యములో పీచు సుమారు నాలుగున్నర గ్రాములు, తెల్లబియ్యములో మూడు గ్రాములకు లోపు. థయమిన్ అను బి1 విటమిను మాత్రము ముడిబియ్యములో దాదాపు ఐదింతలు అధికము. అనగా మరలో మెరుగు పెట్టినప్పుడు గింజ బరువు పదవ వంతు తగ్గినను ఆ విటమినులో ఐదింట నాలుగు వంతులు పోవుచున్నదన్నమాట.

దీని ఫలితము తెలుగువారికి వినికిడి మాత్రమే కాదు, అనుభవము. బెరిబెరి అను వ్యాధి ఒకటి కలదు. కాళ్లు తిమ్మిరి పట్టును, బలము తగ్గును, కొందరికి శరీరము వాచును, గుండె చెడి ప్రాణాపాయము కూడ కలుగును. 1890 దశకములో జావా ద్వీపమున క్రిస్టియాన్ ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు మెరుగుపెట్టిన బియ్యము తిన్న కోళ్లకు ఇట్టి జబ్బు పట్టుటయు, తవుడు గల బియ్యము పెట్టినప్పుడు అవి కోలుకొనుటయు గమనించెను. ఆ కృషికే ఆయనకు 1929లో నోబెల్ బహుమానము లభించినది. 1926లో జాన్సెన్, డోనత్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు అదే జావాలో తవుడునుండియే ఆ విటమినును వేరుచేసిరి.

మన వైపు చూచినచో, ఉత్తర సర్కారులని పిలిచిన మన కోస్తా జిల్లాలలో ఇరువదవ శతాబ్దపు తొలి భాగమున బెరిబెరి తరచుగా కనిపించెడిది. అక్కడ పచ్చి వడ్లను మరలో తెల్లగా మెరుగు పెట్టిన బియ్యము తినుట వాడుక. ఉప్పుడు బియ్యము తిను ప్రాంతములలో ఆ వ్యాధి అరుదు. వడ్లను ఉడికించినప్పుడు తవుడులోని విటమిను కొంత గింజలోనికి ఇంకుటయే అందులకు కారణము. కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఈ విషయమును పరిశోధించెను. ఆయన స్థాపించిన ఆ పరిశోధనాలయమే తరువాత పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థ అను పేరుతో ఉన్నది. అన్నపూర్ణయని పేరు పొందిన డెల్టా సీమలలో, గాదెల నిండ ధాన్యముండగా, అన్నమే తినుచు మనుష్యులు బలహీనులగుట ఎంత విచిత్రము!

మహాత్మా గాంధీ ఈ సంగతిని గుర్తించిరి. 1934లో వార్ధాలో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘమును స్థాపించినప్పుడు, ఆ సంఘము చేపట్టిన పనులలో చేతితో బియ్యము దంచు పరిశ్రమ ముఖ్యమైనది. బియ్యపు మరల వలన దంపుడు వృత్తి పూర్తిగా నశింపకుండునట్లు 1958లో కేంద్ర ప్రభుత్వము మరలకు అనుమతి పత్రములు తప్పనిసరి చేయుచు ఒక చట్టము చేసినది. ఆ చట్టము 1997లో రద్దయినది. అప్పటికే రోళ్లు మూలపడినవి.

ఇక మా అత్తగారి రెండవ మాట. దానికి సమాధానము కోస్తాలో దొరకదు, ఇక్కడనే వెదుకవలెను.

అనంతపురము జిల్లాలో సాలుకు కురియు వాన సుమారు ఐదు వందల యేబది మిల్లీమీటర్లు. అదియు కురిసిన సంవత్సరము కురియును, లేని సంవత్సరము లేదు. తాడిపత్రి పెన్న ఒడ్డున ఉన్నను, ఆ పెన్న ఏటిలో పెక్కు దినములు ఇసుకయే మనకు కనిపించును. ఆ ఒడ్డునే ఉన్న బుగ్గ రామలింగేశ్వరుని గుడిలో లింగము క్రింద ఊట ఎప్పుడును ఇంకదని మా ఊరివారు గర్వముగా చెప్పుకొనుట మీరు వినియే యుందురు. నీరు అరుదైన చోటనే ఊటకు అంత మహిమ. ఇట్టి నేలలో వరి ఎక్కడ పండును? చెరువు క్రింద, బావి క్రింద కొన్ని మడులు, పిదప తుంగభద్ర ఎగువ కాలువ నీరు చేరిన చోట్ల మరికొన్ని. తక్కినదంతయు మెట్ట. మెట్టలో జొన్న, కొర్ర, సజ్జ. రాను రాను అన్నింటిని త్రోసి వేరుసెనగ వచ్చినది.

మా అత్తగారు పుట్టినది తాడిపత్రికి కొన్ని క్రోసుల దూరములోని మెట్ట పల్లెలో. ఉదయము సంగటి, రాత్రి కొర్రబువ్వ. ఉగాదికో, సంక్రాంతికో, ఇంట పెండ్లికో వరిబువ్వ. జ్వరము పట్టి లేచిన బిడ్డకు గుప్పెడు బియ్యము ఎక్కడనైన అప్పు తెచ్చి వండెడివారట. ఇంటికి అల్లుడు వచ్చిన దినము సంగటి పెట్టినచో మాట పడవలసి వచ్చెడిదట. కనుక తెల్లని అన్నము ఈ నేలలో ఆహారమే గాక మర్యాద కూడ అయినది. 1983లో రాష్ట్ర ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము ఇచ్చు పథకమును ప్రారంభించినప్పుడు మెట్ట పల్లెలలోని పేద ఇండ్లకు మొదటిసారిగా దినదినము వరి అన్నము అందినది. దానిని తక్కువ చేసి మాటలాడుట తగదు. ఆకలి తీర్చిన బియ్యము అది. కాని ఆ బియ్యము మరలో మెరుగు పెట్టిన బియ్యము. అది వచ్చినది, కొర్ర, జొన్న పళ్లెములో నుండి లేచిపోయినవి. పండుగ భోజనము ప్రతి దినపు భోజనమైనది, కాని దానితోపాటు పొలము పని, నీటి మోత, దంపుడు, విసరుడు మాత్రము తగ్గుచు వచ్చినవి. పని తగ్గి, పీచు తగ్గి, అన్నము పెరిగిన ఇంటికి చక్కెర వ్యాధి వచ్చుటలో వింత ఏమున్నది?

ఇక్కడ ఒక మాట న్యాయముగా చెప్పవలెను. పూర్వకాలమును పొగడువారు దంపుళ్లను గూర్చి పాటలు పాడుదురు. ఆ రోకలి పట్టినది మాత్రము స్త్రీ చేయి. తెల్లవారకముందే లేచి, ఇద్దరు ఎదురెదురుగా నిలిచి, ఒకరి పోటు విడిచి ఒకరు పోటు వేయుచు, చేటతో చెరుగుచు, జల్లించుచు ఒక పూట గింజలు సిద్ధపరచుటకు ఎంత పని యో మా అత్తగారి అరచేతులు చూచినచో తెలియును. మరలు వచ్చి ఆ చాకిరి పోగొట్టినవి. అందులకు నేను సంతోషింతును. రోళ్లను మరల పాతుకొనవలెనని నేను చెప్పను. నేడు ఊకను మాత్రము ఒలిచి తవుడును ఉంచు మరలు కూడ ఉన్నవి. రోకలి పోవలసినదే, తవుడు ఏల పోవలెను? నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇది ఒక్కటే.

మా అత్తగారికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె వెంటనే ఒప్పుకొనలేదు. “మెత్తగ వండి పెట్టు, అప్పుడు చూద్దాం” అనిరి. ఆ మాటలో న్యాయమున్నది. మర్యాద గల అన్నము మెత్తగా, పొడిగా, నోటికి హితముగా ఉండవలెను. ఆమె చెప్పిన పద్ధతిని, నేను పలుమార్లు చేసి సరిచూచుకొనిన కొలతలను ఇప్పుడు చెప్పెదను. కాగితము, పెన్సిలు దగ్గర పెట్టుకొనినచో మంచిది.

మొదటిది ఎంపిక. క్రొత్తగా ఆరంభించువారు లావు రకము ముడిబియ్యము కొనవలదు. సాంబమసూరి వంటి సన్నరకపు ముడిబియ్యము త్వరగా ఉడుకును, నోటికి గరుకుగా ఉండదు.

రెండవది కడుగుట. రాళ్లు, మట్టి గడ్డలు ఏరి, ఒక్కసారి, మురికి ఉన్నచో రెండుసార్లు తేలికగా కడుగవలెను. తెల్లబియ్యము నలిపి నలిపి కడుగు అలవాటు ఇక్కడ పనికిరాదు. బి1 విటమిను నీటిలో కరగు స్వభావము కలది. కడిగిన కొలది కడుగునీటితో పోవును. నీటికి ఇబ్బంది పడు మన ఊళ్లలో ఒకసారి కడుగుట రెండు విధముల లాభము.

మూడవది నానుట. ఇదియే ప్రాణము. తవుడు పొర నీటిని లోనికి త్వరగా పోనీయదు. అందుచేతనే నా మొదటి వంటలో చుట్టు నీరు మరిగి ఆవిరైపోయినది గాని గింజ నడిమికి చేరలేదు. ఒక గ్లాసు ముడిబియ్యమునకు రెండున్నర గ్లాసుల మంచినీరు కొలిచి పోసి, రెండు గంటలు నాననీయుడు. చలికాలములో ఇంకొక గంట నానినను దోషము లేదు. మన ఎండకాలములో మాత్రము రాత్రి నానవేసి ఉదయము వండుదమని తలపకుడు. ఆ వేడికి నీరు పులిసి వాసన వచ్చును. వేసవిలో రెండు గంటలు చాలును. నానిన నీటిని పారబోయక ఆ నీటితోనే వండవలెను.

నాలుగవది మంట. మందమైన అడుగు గల గిన్నెలో పెట్టి, మొదట పెద్దమంట మీద పొంగు రానిచ్చి, వెంటనే మంట బాగుగా తగ్గించి, మూత పెట్టవలెను. నానిన బియ్యము ముప్పది నుండి నలుబది నిమిషములలో ఉడుకును. నడుమ నడుమ మూత తీసి గరిటె పెట్టి కలుపరాదు. కలిపినచో గింజ చితుకును, ఆవిరి పోవును, పలుకు నిలుచును. నీరు ఇంకిపోయి ఇంకను పలుకు ఉన్నచో చన్నీళ్లు పోయక, అర గ్లాసు వేడినీరు చుట్టు చిలికి మూత పెట్టుడు. వంట అంతయు ఎసరు ఇంకునట్లుగానే చేయవలెను. గంజి వార్చినచో మనము దాచుకొనవలెనని తలచినదంతయు ఆ గంజితో పోవును. అలవాటు మానలేని వారు ఆ గంజిని పారబోయక ఉప్పు, మజ్జిగ కలిపి త్రాగవలెను.

ప్రెషరు కుక్కరులో వండువారు నానిన బియ్యమునకు గ్లాసుకు రెండుంబావు గ్లాసుల నీరు పెట్టి, మొదటి కూత వచ్చినవెంటనే మంట తగ్గించి పదునైదు నిమిషములు ఉంచి ఆర్పవలెను. ఆవిరి తనంతట తాను తగ్గువరకు మూత తీయరాదు. గ్యాసు ఖరీదు చూచు ఇంటికి ఇదియే పొదుపైన మార్గము.

ఐదవది ఓపిక. దించిన తరువాత పది నిమిషములు మూత తీయక ఉంచవలెను. ఆ పది నిమిషములలో పైనున్న తడి లోనికి దిగి గింజ అంతయు సమముగా మెత్తబడును. పిమ్మట గరిటె కాడతో అంచులనుండి మెల్లగా విడదీయుడు. గింజ పగిలి పువ్వువలె విచ్చుకొనక, ఉబ్బి నిండుగా ఉండవలెను. వ్రేళ్ల నడుమ నొక్కినప్పుడు నడుమ తెల్లని బిందువు కనబడకున్నచో అన్నము సిద్ధమైనది.

ఒకేసారి తెల్ల అన్నము మానుమనినచో ఇంటిలో అలుకలు బయలుదేరును. మొదటి పదిహేను దినములు మూడు వంతులు తెల్లబియ్యము, ఒక వంతు ముడిబియ్యము కలిపి వండుడు. కాని రెండును ఒక్కసారి పొయ్యిమీద పెట్టరాదు. నానిన ముడిబియ్యము ముందు పదిహేను నిమిషములు ఉడికిన తరువాతనే తెల్లబియ్యమును, దానికి తగిన వేడినీటిని చేర్చవలెను. వారమునకు కొంత చొప్పున ముడిబియ్యపు పాలు పెంచుకొనుచు పోవచ్చును. పండుటాకులకు, పండ్లు లేని వారికి, చిన్న బిడ్డలకు ఇవే బియ్యమును దోరగా వేయించి, రవ్వగా విసరి, జావగా కాచి ఇచ్చినచో సులభముగా జీర్ణమగును.

ఈ అన్నమునకు మన సీమ కూరలు చక్కగా సరిపోవును. పుంటికూర పప్పు, ఉలవచారు, వేరుసెనగ గింజలతో నూరిన ఊరుబిండి, వీటి పులుపు కారములు తవుడు కమ్మదనముతో కలిసి రుచి తెచ్చును. గింజ విడివిడిగా ఉండుటచేత చిత్రాన్నమునకు కూడ బాగుండును. పప్పుతో కలిపి తినుటలో ఇంకొక లాభము కలదు. మద్రాసు మధుమేహ పరిశోధన సంస్థవారు 2014లో ప్రకటించిన ఒక పరిశీలనలో, బరువు అధికముగా గల కొద్దిమందికి ఐదేసి దినములు తెల్ల అన్నము, ముడిబియ్యపు అన్నము, పప్పుధాన్యములతో కూడిన ముడిబియ్యపు అన్నము వేర్వేరుగా పెట్టి చూచిరి. తెల్ల అన్నముతో పోల్చినప్పుడు ముడిబియ్యముతో రక్తములోని చక్కెర పెరుగుదల సుమారు ఐదవ వంతు తగ్గినది, పప్పుతో కలిపి తిన్నప్పుడు ఇంకను కొంచెము తగ్గినది. పరిశీలన చిన్నదే, అయినను అందులోని పప్పన్నపు పాఠము మనకు పనికివచ్చును.

కాని ముడిబియ్యమును ఔషధమని భ్రమపడరాదు. అదియు అన్నమే. రెండింతలు తిన్నచో చక్కెర పెరుగక మానదు. చక్కెర వ్యాధి గలవారు మందులు మానరాదు, కొలత మరువరాదు. మూత్రపిండముల వ్యాధి గలవారు తమ వైద్యుని అడుగక ఆహారము మార్చరాదు.

నిలువ చేయుటను గూర్చి ఒక హెచ్చరిక. తవుడులో నూనె ఉన్నది. అందుచేత ముడిబియ్యము తెల్లబియ్యమువలె సంవత్సరము పొడవున నిలువ ఉండదు. వేడికి నూనె చెడి ముక్కవాసన వచ్చును, పురుగు త్వరగా పట్టును. పురుగునకు ఏది మేలైన తిండియో తెలిసినంతగా మనకు తెలియలేదని నవ్వుకొనవచ్చును. వేసవిలో పదిహేను దినములకు చాలునంత మాత్రమే కొని, మూత బిగువుగల డబ్బాలో పోసి, పొయ్యికి దూరముగా చల్లని చోట ఉంచుడు. పురుగు పోవుటకని ఎండలో పోయకుడు, నూనె ఇంకను త్వరగా చెడును.

చివరకు కొర్రల మాట. ముడిబియ్యము దొరకని వారు, ఖరీదు పెట్టలేని వారు విచారింపనక్కరలేదు. మన నేలలో పండు కొర్ర ఉన్నది. అది తక్కువ వానతో, మూడు నెలలలోపు చేతికి వచ్చు పంట. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానమువారు సూర్యనంది వంటి మేలైన కొర్ర రకములను కూడ మనకు ఇచ్చిరి. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినప్పటి నుండి పట్టణపు అంగళ్లలో కొర్రబియ్యమునకు గిరాకి పెరిగినది. కాని అక్కడను పాత కథయే జరుగుచున్నది. తెల్లగా మెరుగు పెట్టిన కొర్రబియ్యము వచ్చుచున్నది. పసుపువన్నె గల, మెరుగు పెట్టని వానినే అడిగి కొనుడు. కొర్రబియ్యము అరగంట నానినను చాలును, గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీటితో, పదిహేను ఇరువది నిమిషములలో, సన్నని మంటమీద ఉడుకును. దించిన తరువాతి పది నిమిషముల ఓపిక మాత్రము దీనికిని తప్పదు.

నా రెండవ ప్రయత్నము సంగతి చెప్పి ముగించెదను. ఆనాడు మా అత్తగారు పీట వేసికొని పొయ్యి ప్రక్కనే కూర్చుండిరి. నేను మూత తీయబోయినప్పుడెల్ల “ఆగమ్మా, ఆగు” అనుచుండిరి. వడ్డించిన తరువాత పుంటికూర పప్పు కలుపుకొని మొదటి ముద్ద తిని కొంతసేపు మాటలాడలేదు. తరువాత, “ఇది మా అమ్మ పండగనాడు వండిన బువ్వ మాదిరి ఉంది. అప్పుడు బియ్యం ఇంత తెల్లగ యాడుండె?” అనిరి. నిజమే. ఆమె బాల్యములో ఏడాదికి రెండు మూడుసార్లు ఎదురుచూచి తిన్న ఆ పండుగ అన్నము దంపుడు బియ్యపుటన్నమే. మర్యాద ఆనాడును తవుడుతోనే ఉండెను. నడుమ మనమే దానిని తెలుపుదనమునకు అప్పగించితిమి.

మా వారి చక్కెర మందులతో, నడకతో, కొలతగల భోజనముతో అదుపులో ఉన్నది. అన్నము పాలు అందులో ఎంతయో నేను లెక్క చెప్పలేను. కాని మా ఇంట ఇప్పుడు గేదె తొట్టిలోనికి అన్నము పోవుట లేదు.

శ్రోతలారా, రేపటి పొయ్యికి ఈ రాత్రియే ఆలోచింపుడు. ఒక్క గ్లాసు ముడిబియ్యముతో ఆరంభింపుడు. వండుటకు రెండు గంటలముందు నానవేయుట మాత్రము మరువకుడు. సెలవు.